బండి లాగడం లేదంటే అర్థమేమిటి? పాత మోటారు సైకిలులో క్లచ్ జారుడు, శక్తి లోపం

(నగర పౌర సమాచార సమావేశంలో తెలుగు నివాసుల కొరకు చేసిన ప్రసంగ పాఠం)



మంచినీరు, మురుగు కాలువలు, చెత్త సేకరణ, ఆస్తిపన్ను వంటి విషయాలు వినడానికి వచ్చినవారికి మోటారు సైకిలు క్లచ్‌ను గురించిన ప్రసంగం వింతగా తోచవచ్చు. అయితే ఈ బెంగుళూరు నగరంలో మనవారి బ్రతుకుతెరువు ఎంతగా రెండు చక్రాల మీద నడుస్తున్నదో మీకు తెలియనిది కాదు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు, నెల్లూరు ప్రాంతాల నుండి వచ్చి మారతహళ్లిలోనో, కృష్ణరాజపురంలోనో, హోసూరు రోడ్డు వెంబడో గది అద్దెకు తీసుకున్న కుటుంబం సమకూర్చుకునే మొదటి వస్తువులలో పాత బండి ఒకటి. తాపీ మేస్త్రీ పనిముట్ల సంచి, కూరగాయల గంప, ఇంటింటికీ చేర్చవలసిన పార్సిలు, బడికి వెళ్లే పిల్లలు అన్నీ దాని మీదనే సాగుతాయి. బండి ఆగిన నాడు కూలి ఆగుతుంది. కావున దాని ఆరోగ్యం ఇంటి ఆదాయానికి సంబంధించిన విషయం. నిండు రహదారిలో అది మొరాయిస్తే వెనుక వచ్చే వారి ప్రాణానికి సంబంధించిన విషయం కూడా.

1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్, 2001లో వచ్చిన బజాజ్ పల్సర్, 1996 వరకు తయారైన యమహా ఆర్ఎక్స్ 100, ఇంకా పాతదైన బుల్లెట్ వంటి బండ్లు నేటికీ మన వీధులలో తిరుగుతున్నాయి. వీటిని నడిపేవారు మెకానిక్ దగ్గర చెప్పే మాట దాదాపు ఒక్కటే: "అన్నా, పికప్ లేదు." ఈ ఒక్క మాట వెనుక కనీసం ఐదారు వేర్వేరు రోగాలు దాగి ఉంటాయి. ఒకదానికి నయాపైసా ఖర్చు ఉండదు; మరొకదానికి కొన్ని రోజుల కూలి కరిగిపోతుంది. రోగం తేల్చకుండా చికిత్సకు దిగితే, తీగను నాలుగు చుట్లు తిప్పితే పోయేదానికి ఇంజను విప్పి బోరు చేయించే దుస్థితి వస్తుంది. అందువలన నేటి నా ప్రయత్నమంతా ఒక్కటే: బండి లాగడం లేదని తోచినప్పుడు, పర్సు తీయకముందు, మీ అంతట మీరు ఏ వరుసలో ఆలోచించాలో చెప్పడం.

బలం నడిచే దారి

ముందుగా బలం ఏ దారిన చక్రానికి చేరుతున్నదో తెలుసుకుందాం. పెట్రోలు, గాలి కలిసి సిలిండరులో మండుతాయి, పిస్టను కదులుతుంది, క్రాంకు తిరుగుతుంది. ఆ తిరుగుడు క్లచ్ గుండా గేరు పెట్టెలోకి, అక్కడి నుండి గొలుసు ద్వారా వెనుక చక్రానికి వెళుతుంది. అనగా ఇంజను బలాన్ని పుట్టిస్తుంది, క్లచ్ దానిని అందజేస్తుంది. పుట్టడంలో లోపమా, అందడంలో లోపమా, లేక అందిన తరువాత చక్రం దగ్గర ఎవరైనా అడ్డుపడుతున్నారా? మన పరిశోధనంతా ఈ మూడు ప్రశ్నలలో ఇమిడి ఉన్నది.

మన ఊళ్లలోని పిండిమరను జ్ఞాపకం చేసుకోండి. మోటారుకూ మరకూ మధ్య పొడవాటి బెల్టు ఉంటుంది. బెల్టు వదులైనా, దాని మీద నూనె పడినా మోటారు హోరుమని తిరుగుతూనే ఉంటుంది. మర మాత్రం మెల్లగా మూలుగుతుంది. అప్పుడు మరవాడు మోటారును విప్పడు. బెల్టు బిగువు చూస్తాడు. బండిలోని క్లచ్ కూడా అటువంటిదే. ఇంజను నూనెలో మునిగి ఉండే ఈ క్లచ్‌లో రాపిడి పూత గల ప్లేట్లు, నునుపైన ఇనుప ప్లేట్లు ఒకదాని తరువాత ఒకటిగా అమర్చి ఉంటాయి. స్ప్రింగులు వాటిని గట్టిగా అదిమి ఒక్క ముద్దగా తిప్పుతాయి. మీరు లివరు నొక్కినప్పుడు ఆ అదుము సడలి ప్లేట్లు విడిపోతాయి. లివరు వదిలినా అదుము పూర్తిగా తిరిగి రాకపోతే ప్లేట్లు ఒకదానిపై ఒకటి జారుతాయి. దీనినే క్లచ్ స్లిప్ అంటున్నాము.

మొదటి పరీక్ష: జారుడా, నీరసమా?

వాహనాల రద్దీ లేని, చదునైన, పొడి రహదారిని ఎంచుకోండి. హెల్మెట్ ధరించి, ఇంజను బాగా వేడెక్కిన తరువాత, బండిని చివరి గేరులో గంటకు 35, 40 కిలోమీటర్ల వేగంతో నడపండి. వెనుక ఎవరూ లేరని చూచుకొని యాక్సిలరేటరును ఒక్కసారిగా పెంచండి. ఇప్పుడు చెవిని ఇంజను మీద, కంటిని వేగం ముల్లు మీద ఉంచాలి.

ఇంజను శబ్దం గబగబా పైకి లేచి, బండి వేగం మాత్రం ఆలస్యంగా, అయిష్టంగా పెరిగితే అది జారుడు. బలం పుడుతున్నది, చక్రానికి అందడం లేదు. శబ్దం, వేగం రెండూ కలిసి మెల్లగా పెరిగినా, లేక రెండూ ఉన్నచోటనే నిలిచిపోయినా అది క్లచ్ దోషం కాదు. బలమే తక్కువగా పుడుతున్నది, లేదా చక్రానికి ఏదో అడ్డుపడుతున్నది. శబ్దం మధ్యమధ్య తెగిపోతూ, కుదుపులతో బండి ముందుకు వెనుకకు ఊగితే పెట్రోలు సరఫరాలోనో, నిప్పురవ్వలోనో అంతరాయం ఉన్నదని గ్రహించాలి.

ఇదే పరీక్షను చిన్న గేరులో చేస్తే జారుడు అంత స్పష్టంగా తెలియదు. పెద్ద గేరులో క్లచ్ మీద భారం ఎక్కువ పడుతుంది గనుక ఆరంభ దశలోని జారుడు అక్కడనే మొదట బయటపడుతుంది. హెబ్బాళ ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు, ఊరికి వెళుతూ పలమనేరు దగ్గర మొగిలి ఘాటులో తిరుగుప్రయాణంలో పైకి వచ్చేటప్పుడు, వెనుక మనిషిని కూర్చోబెట్టుకున్నప్పుడు మాత్రమే లోపం కనబడి, చదును మీద కనబడకపోవడానికి కారణం ఇదే. కొండ ఎక్కిన తరువాత ఇంజను దగ్గర కాలిన వాసన రావడం మరొక గుర్తు.

న్యూట్రలులో మాత్రమే కిక్ పనిచేసే పాత బండ్లలో ఇంకొక సూచన కూడా లభిస్తుంది. వాటిలో కిక్ బలం క్లచ్ మీదుగానే ఇంజనుకు చేరుతుంది. ఇంజను తిరగకుండా కిక్ పెడలు మెత్తగా జారి కిందికి పోతున్నట్లయితే క్లచ్‌ను అనుమానించవచ్చు.

ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. దీనిని చేయకుండా ఇంజను విప్పడానికి ఎవరికీ అనుమతి ఇవ్వకండి.

జారుడైతే మూడు మెట్లు

మొదటి మెట్టు తీగ. క్లచ్ లివరును వేలితో నెమ్మదిగా లాగండి. తీగ బిగుసుకోకముందు లివరు చివర కొంత వదులు ఉండాలి. చాలా వంద సీసీ బండ్లలో ఆ వదులు 10 నుండి 20 మిల్లీమీటర్లు. మీ బండి కొలత బండి పుస్తకంలో ఉంటుంది. వదులు లేకపోతే, మీరు లివరు ముట్టకపోయినా, ఎవరో సగం నొక్కి పట్టుకున్నట్లే లెక్క. ప్లేట్లు అరిగేకొద్దీ ఈ వదులు తగ్గుతూ వస్తుంది. కొందరు లివరు గట్టిగా ఉండాలని కోరి తీగను బిగింపజేస్తారు. ఆ కోరికే ప్లేట్లను కాలుస్తుంది. లివరు దగ్గర, ఇంజను దగ్గర ఉన్న అడ్జస్టర్లను తిప్పి వదులును సరిచేయండి. తరువాత హ్యాండిలును పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి, వదులు రెండు వైపులా నిలిచి ఉన్నదా అని చూడండి. తీగ పోగులు తెగి గొట్టంలో ఇరుక్కుంటే లివరు వదిలినా అది వెనుకకు రాదు. అటువంటి తీగను మార్చవలసిందే. ఇది ఖర్చు లేని, లేదా బహుస్వల్ప ఖర్చుతో ముగిసే మెట్టు.

రెండవ మెట్టు నూనె. నాలుగు స్ట్రోకుల బండ్లలో అత్యధిక భాగం ఒకే నూనెను ఇంజనుకూ, గేర్లకూ, క్లచ్‌కూ వాడుకుంటాయి. కారు కొరకు తయారైన కొన్ని నూనెలలో రాపిడిని తగ్గించే రసాయనాలు కలుపుతారు. అవి కారుకు ఇంధనం మిగులుస్తాయి. బండి క్లచ్‌కు మాత్రం పిండిమర బెల్టు మీద పోసిన నూనెతో సమానం. కావున డబ్బా మీద "జాసో ఎంఏ" లేక "ఎంఏ2" అనే గుర్తు ఉన్నదా అని చూడండి. అది నూనెలో మునిగి పనిచేసే క్లచ్‌కు తగినదని చెప్పే జపాను ప్రమాణం. "ఎంబీ" గుర్తు గలది క్లచ్ ఇంజను నూనెలో మునగని స్కూటర్ల కొరకు. మిత్రుని కారులో మిగిలిన నూనె, సంతలో దొరికే విడి నూనె, పికప్ పెంచుతామని అమ్మే మందులు వీటిని బండిలో పోయకండి. తప్పు నూనె పోసిన తరువాతనే జారుడు మొదలై, ప్లేట్లు ఇంకా కాలకపోతే, సరైన నూనె మార్చి కొంతకాలం నడిపినప్పుడు జారుడు తగ్గిపోవచ్చు. నూనె మట్టం కూడా ముఖ్యం. బండిని మెయిన్ స్టాండు మీద నిలిపి, ఇంజనును కొద్దిసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాల తరువాత కొలత పుల్లతో చూడాలి. పుల్లను మర బిగించి చూడాలో, ఊరక ఆనించి చూడాలో బండిని బట్టి మారుతుంది గనుక పుస్తకం ప్రకారం చేయండి.

మూడవ మెట్టు ప్లేట్లు. తీగ, నూనె సరిగా ఉండి కూడా జారుడు నిలిచి ఉంటే క్లచ్ కవరు విప్పవలసి వస్తుంది. అనుభవం లేనివారు దీనిని మెకానిక్‌కు అప్పగించడం మేలు. అయితే ఏమేమి చూడాలో మీకు తెలిసి ఉండాలి. రాపిడి ప్లేట్ల మందాన్ని వెర్నియరుతో కొలిచి పుస్తకంలోని హద్దుతో పోల్చాలి. పూత నల్లబడి అద్దంవలె మెరుస్తుంటే, మందం ఉన్నా అది పనికిరాదు. ఇనుప ప్లేట్లు నీలంగా మారితే బాగా వేడెక్కాయని అర్థం. వాటిని గాజు పలక మీద పరచి వంకర ఉన్నదేమో చూడాలి. స్ప్రింగులు కాలక్రమంలో కుదించుకుపోతాయి. వాటి పొడవును కొలిచి, మార్చితే అన్నింటినీ ఒకేసారి మార్చాలి. కొత్త ప్లేట్లు వేసి పాత నీరస స్ప్రింగులు ఉంచితే కొద్ది నెలలలో మళ్లీ అదే దుకాణానికి వెళ్లవలసి వస్తుంది.

కొత్త ప్లేట్లను అమర్చేముందు బండిలో పోసే నూనెలోనే కొన్ని గంటలు నానబెట్టాలి. పొడిగా అమర్చితే మొదటి తిరుగుడులోనే పూత కాలిపోతుంది. విప్పినప్పుడు ఉన్న వరుసనే తిరిగి పాటించాలి. స్ప్రింగు బోల్టులను ఒకదాని తరువాత ఒకటి పూర్తిగా బిగించక, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. కవరు గాస్కెటును మార్చాలి. ప్లేట్ల చెవులు ఆనే చోట క్లచ్ గిన్నె అంచులలో గాట్లు పడి ఉన్నాయేమో చూడమని అడగండి. ఆ గాట్ల వలన ప్లేట్లు స్వేచ్ఛగా కదలలేక గేరు వేసినప్పుడు బండి కుదుపుతుంది.

ఇక ప్లేట్లు కాలడానికి కారణం చాలాసార్లు మన చేతిలోనే ఉన్నది. సిగ్నలు దగ్గర గేరు వేసి లివరు సగం నొక్కి నిలవడం, ఫ్లైఓవరు మీద బ్రేకు వేయకుండా సగం క్లచ్‌తో బండిని నిలబెట్టడం, నడుపుతున్నంతసేపూ నాలుగు వేళ్లూ లివరు మీద ఆనించి ఉంచడం ఈ మూడు అలవాట్లనూ మానుకుంటే ప్లేట్ల ఆయుష్షు పెరుగుతుంది. ఆగినప్పుడు న్యూట్రలు చేయండి. వాలు మీద బ్రేకుతో నిలవండి.

నీరసమైతే వెలుపలి నుండి లోపలికి

పరీక్షలో జారుడు కనబడక, బండి నీరసించినట్లు తేలిందనుకుందాం. అప్పుడు కూడా లోపలి నుండి కాక, వెలుపలి నుండి మొదలుపెట్టాలి.

ముందు చక్రాలు. ఇంజను ఆపి, మెయిన్ స్టాండు వేసి, న్యూట్రలులో వెనుక చక్రాన్ని చేతితో తిప్పండి. ముందు చక్రాన్ని కూడా పైకి లేపి తిప్పండి. ఒక తోపుతో కొన్ని చుట్లు తిరగాలి. వెంటనే ఆగిపోతే బ్రేకు పట్టి ఉన్నది, లేదా గొలుసు అతిగా బిగిసి ఉన్నది, లేదా బేరింగు పాడైనది. కొంతదూరం నడిపి ఆపిన తరువాత బ్రేకు డ్రమ్ము నుండి సెగ కొడుతున్నా అదే అనుమానం. టైర్లలో గాలి తక్కువైనా బండి బరువుగా తోస్తుంది. ఎవరి దగ్గరనో కొన్న బండి అయితే గొలుసు పళ్లచక్రాలను వేరే లెక్కవి వేశారేమో కూడా అడగండి; ఆ మార్పుతో బండి లాగే తీరే మారిపోతుంది.

తరువాత ఊపిరి. బెంగుళూరులో ఎప్పుడూ ఏదో ఒక వీధిని తవ్వుతూనే ఉంటారు. ఆ దుమ్మంతా గాలి వడపోతలోకి చేరుతుంది. స్పాంజి వడపోత అయితే కడిగి, ఆరబెట్టి, తగుమాత్రం నూనె రాసి తిరిగి పెట్టవచ్చు. కాగితపు వడపోత అయితే మార్చడమే ఉత్తమం. వడపోత తీసివేసి నడిపితే పికప్ వస్తుందని చెప్పేవారి మాట వినకండి. ఆ దుమ్ము పిస్టను రింగులను ఆకురాయివలె అరగదీస్తుంది. చోక్ లివరు పూర్తిగా వెనుకకు వచ్చినదా అనేది కూడా చూడండి. సగం మూసుకున్న చోక్ నల్లటి పొగనూ, నీరసాన్నీ, పెట్రోలు ఖర్చునూ ఒకేసారి తెస్తుంది.

పిమ్మట ఆహారం. కొన్ని కిలోమీటర్లు బాగా నడిచి ఆ తరువాత నీరసిస్తే, బండిని ప్రక్కకు నిలిపి ట్యాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, తరువాత బండి మామూలుగా నడిస్తే మూతలోని సన్నని గాలి రంధ్రం మూసుకున్నదని అర్థం. ట్యాంకు అడుగున తుప్పు, కార్బురేటరు గిన్నెలో నీరు, జెట్టులో నలుసు కూడా ఇదే పని చేస్తాయి. నేడు పెట్రోలులో ఇథనాలు కలుస్తున్నది. అది తేమను పీలుస్తుంది. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బినా, పగిలినా మార్చించండి. నెలల తరబడి నిలిపే బండిలో పెట్రోలును అలాగే వదలకండి.

అటు తరువాత నిప్పు. స్పార్కు ప్లగ్గు ఇంజను పెట్టిన ఉత్తరం వంటిది, విప్పి చదవండి. లేత ఇటుక రంగు మంచిది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతున్నది, లేదా గాలి తగ్గుతున్నది. తడి నూనె మసి ఉంటే లోపలికి ఇంజను నూనె చేరుతున్నది. తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు తక్కువై వేడి పెరుగుతున్నది. చాలా పాత వంద సీసీ బండ్లలో ప్లగ్గు కొనల మధ్య దూరం 0.6 నుండి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి.

చివరకు టాపెట్లు, కంప్రెషను. టాపెట్లు వదులైతే టకటక శబ్దం వస్తుంది. అందరూ దానికే భయపడతారు. కాని బిగుసుకుపోయిన టాపెట్ శబ్దం చేయదు. వాల్వు పూర్తిగా మూసుకోక, వేడెక్కిన తరువాత బలం జారిపోతుంది. వాల్వు అంచు కాలిపోతుంది. కావున మౌనంగా ఉన్న ఇంజను ఆరోగ్యంగా ఉన్నదని అనుకోరాదు. టాపెట్లను ఇంజను చల్లగా ఉన్నప్పుడు కొలిచి సరిచేయించాలి. ఇవన్నీ ముగిసినా నీరసం పోకపోతే కంప్రెషను కొలిపించండి. కొలత తక్కువ వచ్చినప్పుడు ప్లగ్గు రంధ్రం గుండా చెంచాడు ఇంజను నూనె పోసి మళ్లీ కొలుస్తారు. కొలత పెరిగితే దోషం రింగులలోనో, బోరులోనో ఉన్నది. పెరగకపోతే వాల్వులలో వెదకాలి. బోరు చేయించాలా వద్దా అనే నిర్ణయం ఈ పరీక్ష తరువాతనే తీసుకోవాలి.

ఆర్ఎక్స్ 100 వంటి రెండు స్ట్రోకుల బండ్లకు ఒక ప్రత్యేక గమనిక. వాటిలో పెట్రోలుతో కాలే నూనె వేరు, క్లచ్ మునిగి ఉండే గేరు నూనె వేరు. సైలెన్సరులో మసి పేరుకొని బండి నీరసించడం వాటికి సహజ రోగం, శుభ్రపరిస్తే తీరుతుంది. గేరు నూనె మట్టం తగ్గుతూ, పొగ విపరీతంగా వస్తుంటే క్రాంకు సీలు పోయిందేమో చూపించండి.

ఊరు మారిన బండి

ఇక్కడ వలస వచ్చినవారికి మాత్రమే ఎదురయ్యే ఒక సందేహం ఉన్నది. "నెల్లూరులో బాగా లాగిన బండి ఇక్కడ లాగడం లేదు" అని కొందరు అంటారు. ఇది అబద్ధం కాదు. బెంగుళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడి గాలి ఒత్తిడి కోస్తాలో కంటే దాదాపు పదోవంతు తక్కువ. అంతమేరకు ఇంజనుకు దొరికే గాలి తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. కోస్తా గాలికి సరిచేసిన కార్బురేటరు ఇక్కడ కొద్దిగా పెట్రోలు ఎక్కువ ఇచ్చినట్లవుతుంది. కార్బురేటరును ఇక్కడి గాలికి తగినట్లు ఒకసారి సరిచేయిస్తే చాలు. ఈ స్వల్ప లోటు రోగం కాదు; దీనికై ఇంజను విప్పనవసరం లేదు. అయితే ఎత్తు వలన క్లచ్ మాత్రం జారదు. శబ్దం లేచి వేగం లేవకపోతే దానికి ఊరిని నిందించరాదు.

మెకానిక్‌తో మాట

మన వీధి మెకానిక్ కన్నడిగుడు కావచ్చు, ఉర్దూ మాట్లాడేవాడు కావచ్చు, తమిళుడు కావచ్చు. భాష రాదని సిగ్గుపడి బండిని అప్పగించి వచ్చేయకండి. క్లచ్, ప్లేట్, టాపెట్, ప్లగ్గు అనే మాటలు అందరివీ. "పికప్ ఇల్ల" అనడానికి బదులు "క్లచ్ స్లిప్ ఆగ్తా ఇదె" అనో, "స్లిప్ ఇల్ల, ఆదరె పికప్ ఇల్ల" అనో చెప్పగలిగితే సగం రోగనిర్ణయం చేసి ఇచ్చినట్లే. ఎప్పటి నుండి, ఏ గేరులో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కిన తరువాతనా, చివరిసారి ఏ నూనె పోశారు అనే నాలుగు సంగతులు చెప్పండి. విప్పకముందు ఖర్చు అంచనా అడగండి. మార్చిన పాత భాగాలను చూపమని మర్యాదగా కోరండి. ఇది అనుమానించడం కాదు. పని తెలిసినవాడు తన పనిని చూపించడానికి సంతోషిస్తాడు. అడిగి తెలుసుకునే గిరాకీని గౌరవిస్తాడు.

బండి, బస్తీ, చట్టం

మార్చిన నూనెను మురుగు కాలువలో పోయనివ్వకండి. వాడిన నూనె ప్రమాదకర వ్యర్థాల కోవకు చెందుతుంది. కాలువ గుండా అది మన చెరువులకే చేరుతుంది. ఇంట్లో మార్చుకునేవారు దానిని మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి, పాత నూనె సేకరించే దుకాణానికో సర్వీసు కేంద్రానికో ఇవ్వండి. బ్రేకు డ్రమ్ము విప్పినప్పుడు అందులోని దుమ్మును నోటితో ఊదకండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి, తడిగుడ్డతో తుడవండి.

పొగ పరీక్ష పత్రాన్ని పోలీసులకు చూపే చీటీగా మాత్రమే భావించవద్దు. అది చౌకగా లభించే వైద్య నివేదిక. 2000 మార్చి తరువాత తయారైన పాత తరం నాలుగు స్ట్రోకుల బండ్లకు కార్బన్ మోనాక్సైడు హద్దు 3.5 శాతం, హైడ్రోకార్బనుల హద్దు 4,500 పీపీఎం. మొదటి అంకె హద్దుకు చేరువైతే వడపోతనూ, చోక్‌నూ, కార్బురేటరునూ చూడండి. రెండవది పెరిగితే పెట్రోలు సరిగా మండడం లేదు; ప్లగ్గు నుండి వెదకండి. అయితే ఈ పరీక్ష బండి నిలిచి ఉండగా చేసేది గనుక క్లచ్ జారుడు అందులో కనబడదు. పత్రం చేతిలో ఉన్నదని క్లచ్‌ను మరవకండి. పాత తరం బండ్లకు ఈ పత్రం ఆరు నెలలకే ముగుస్తుంది.

ఆంధ్ర, తెలంగాణ నంబరుతో వచ్చిన బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం ఈ రాష్ట్రపు నంబరు పొందవలసి ఉంటుంది. దానికి ముందు, నమోదైన చోటి రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. సొంత బండి నమోదు 15 సంవత్సరాలకు ముగుస్తుంది. తిరిగి చేయించాలంటే బండి నడిచే స్థితిలో ఉండాలి.

సోదరులారా, క్లచ్ జారే బండితో లారీని దాటడానికి ప్రయత్నించేవాడు తనకు లేని బలాన్ని నమ్ముకొని ఎదురు వాహనం ముందుకు వెళుతున్నాడు. అందుకే ఈ లోపాన్ని వచ్చే జీతం వరకు వాయిదా వేయరాదని కోరుతున్నాను. బాగుచేయించేవరకు భారం తగ్గించి, ఎడమ ప్రక్కన, నిదానంగా నడపండి; ఎవరినీ దాటవద్దు. రేపు ఉదయం పనికి బయలుదేరేముందు క్లచ్ లివరును ఒక్కసారి వేలితో లాగి చూడండి. ఆ కొద్దిపాటి వదులు ఉన్నదో లేదో తెలుసుకోవడానికి క్షణం చాలు. లేకపోతే బండి తీయకముందే సరిచేయండి.

బండి ఇక్కడికే తెచ్చుకున్నవారు సభ ముగిసిన తరువాత ఆవరణలోకి రండి. తీగ వదులు కొలవడం, చక్రం తిప్పి చూడడం అక్కడే చేసి చూపిస్తాను.